డైకాస్ట్ జీరో: స్క్రూలు, రంగులు, తెల్లబూజు
పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాడిన జీరో ఫైటర్ విమానానికి 1/72 కొలతలో (అసలులో 72వ వంతు) డైకాస్ట్, అంటే పోతపోసిన లోహపు, కిట్ తెప్పించాను. లోహపు ముక్కలకు రంగు లేదు. రెక్క, ఒళ్లు కలిసేచోట సందు కనిపిస్తోంది. ఒక స్క్రూ గాడి అప్పుడే అరిగిపోయింది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– పాఠకుడు, బరంపురం

జవాబు: ముందు స్క్రూ సంగతి. జపాన్ కిట్లలో ప్లస్ స్క్రూలు సాధారణంగా జిస్ (జపాన్ ప్రమాణం) కొలతవి ఉంటాయి. మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ఫిలిప్స్ డ్రైవర్ మొన ఆ గాడిలో అడుగంటా కూర్చోదు. బలంగా తిప్పితే పైకి జారి గాడిని కొరికేస్తుంది. జిస్ సున్నా సైజు డ్రైవర్ ఒకటి కొనుక్కోండి. డైకాస్ట్ ముక్కలు జింకు మిశ్రమంతో పోసినవి, అది మెత్తటి లోహం కాబట్టి స్క్రూని ఒకేసారి బిగించొద్దు. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ దించండి. లోపలి మర పోతే ఆ రంధ్రంలో ఎపాక్సీ (రెండు గొట్టాలవి కలిపి వాడే బంక) నింపి, రాత్రంతా ఆరనిచ్చి, సన్నటి బిట్‌తో కొత్తగా తొలవాలి.

సందు ఉందని వెంటనే పుట్టీ పెట్టేయకండి. రెక్క కూర్చునే గూటి అంచుల్లో అచ్చు వదిలిన పలచటి పెచ్చు ఉంటుంది. చాలాసార్లు సందుకి కారణం అదే. సన్న ఆకురాయితో దాన్ని తీసి, బంక లేకుండా బిగించి చూడండి. ఇంకా సందు మిగిలితే అప్పుడు ఎపాక్సీ పుట్టీ. లోహాన్ని లోహానికి అతకడానికి రెండు గొట్టాల అరాల్డైటే మేలు. ఫెవిక్విక్ అతుకు పెళుసు, బరువైన రెక్క ఒక్క దెబ్బ తగిలితే విడిపోతుంది.

తర్వాత 400, 600 నంబరు ఎమరీలతో నీళ్లు తడుపుతూ రుద్దండి. గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే తొలిపూత) పలచగా కొట్టండి. కడిగాక వేళ్లతో ముట్టుకోవద్దు, చేతి జిడ్డు అంటినచోటే రంగు పొరలుగా లేస్తుంది. ప్లాస్టిక్ మోడళ్లకు వాడే మామూలు ప్రైమర్ జింకుని గట్టిగా పట్టుకోదు, మాస్కింగ్ టేపు తీసేటప్పుడు దాంతోపాటే ఊడొస్తుంది. ప్రైమర్‌కి ఒక రోజు గడువిచ్చి, ఆపైన రెండు మూడు పలచటి పూతలు వేయండి. ప్రొపెల్లర్ ఇరుసుకి బంక పాకకుండా ముందే చిటికెడు వాసెలిన్ రాయండి. చక్రాల కాళ్లకు ఉండే రేకు మూత బయటివైపుకి, చక్రం లోపలివైపుకి రావాలి. కుడి ఎడమలు తారుమారు చేసేవాళ్లు చాలామంది.

ప్రశ్న: స్ప్రే చేసిన పచ్చరంగు మీద తెల్లటి మసక కమ్మింది. డబ్బా పాడైందా?
– పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: డబ్బా బాగానే ఉంది, తప్పంతా ముసురుది. లాకర్ రకం స్ప్రే రంగులోని థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ నీరు పూత మీద దిగి తెల్లబారుతుంది. రుద్ది తీయాలని చూడకండి. వాన తెరిపిచ్చి గాలి పొడిబారిన మధ్యాహ్నం, నిదానంగా ఆరే రిటార్డర్ థిన్నర్‌ని పలచటి పొగలా ఒకసారి కొడితే చాలావరకు విరుగుతుంది. అప్పటికీ పోకపోతే అదే రంగు పలచగా మళ్లీ వేయాలి. డబ్బాని గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి, 20–25 సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టండి. పొయ్యి దగ్గరకు మాత్రం తీసుకెళ్లొద్దు.

ప్రశ్న: పైలట్ గది అద్దం అతికించాక లోపలంతా పొగచూరినట్టయింది.
– పాఠకుడు, గుణుపురం

జవాబు: ఫెవిక్విక్ వాడుంటారు. దాని ఆవిరే అద్దం మీద తెల్లగా పేరుకుంటుంది. పారదర్శక భాగాలకు తెల్ల ఫెవికాల్ చాలు. అగ్గిపుల్ల మొనతో అంచు చుట్టూ పెట్టి, మిగిలింది తడి ఇయర్‌బడ్‌తో తుడిచేయండి.

ప్రశ్న: యుద్ధకాలంలో విశాఖ మీద బాంబులు వేసినవి జీరోలేనా? ఆ విమానమే చేసుకుందామని ఉంది.
– పాఠకుడు, రాయగడ

జవాబు: కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసినవి అడ్మిరల్ ఒజావా దళంలోని ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి వచ్చిన నకజిమా బి5ఎన్‌లు. అమెరికన్లు వాటికి 'కేట్' అని పేరు పెట్టారు. ముగ్గురు కూర్చునే బాంబరు అది. రెక్కల వెడల్పు సుమారు 15.5 మీటర్లు, 1/72లో 21.5 సెంటీమీటర్లు. జీరో మోడల్ 21 రెక్కలు 12 మీటర్లు, అదే కొలతలో 16.7 సెంటీమీటర్లే. బీరువా అర కొలుచుకుని కొనండి.

జీరోయే కావాలంటే ర్యూజోకి చెందినదే ఒకటి ఉంది, తోక మీద డిఐ-108 అని ఉండేది. 1942 జూన్ 4న అమెరికా స్థావరం డచ్ హార్బర్ మీద దాడిలో దెబ్బతిని, అలాస్కా దగ్గర అకుటాన్ దీవి బురదనేలలో చక్రాలు దించి దిగబోయి తిరగబడింది. పైలట్ కోగా తదయోషి చనిపోయాడు. అమెరికన్లు ఆ విమానాన్ని బాగుచేసుకుని అదే ఏడాది సెప్టెంబరులో ఎగరేసి, జీరో లోపాలు కనిపెట్టారు. ఇది చేసేటప్పుడు ఆకుపచ్చ జోలికి పోకండి. ఒంటికి ఆకుపచ్చ ఛాయ తగిలిన బూడిదరంగు, ఇంజను మూతకు నలుపు వేయాలి. ఎర్ర సూర్యబింబాలు ఆరు: రెక్కల పైన రెండు, కింద రెండు, ఒంటికి చెరో పక్కన ఒకటి. తెల్ల అంచు ఉండకూడదు. కిట్లో తెల్ల అంచువే వస్తే అవి తర్వాతి పచ్చ జీరోలకని అర్థం.

డీకాల్ (నీళ్లలో తడిపి అతికించే గుర్తుల బొమ్మ) అతికించే ముందు మెరిసే గ్లాసీ వార్నిష్ తప్పనిసరి. గరుకు పూత మీద నేరుగా పెడితే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. నీళ్లలో పది, పదిహేను సెకన్లు ముంచి బయటపెట్టండి. నీళ్లలోనే తేలుతూ వదిలేస్తే వెనకనున్న బంకంతా కొట్టుకుపోతుంది. నిమిషం తర్వాత కాగితం మీంచి జార్చండి.

ప్రశ్న: పాత డైకాస్ట్ జీరో రెక్క మీద తెల్లబూజు, బొబ్బలు. పక్కనున్నవాటికీ అంటుకుంటుందా?
– పాఠకుడు, గోపాలపురం

జవాబు: అంటుకోదు. అయితే రెండు వేర్వేరు జబ్బులున్నాయి. గుడ్డతో తుడిస్తే పోయే తెల్లపొడి ఉప్పుగాలి పని. దాన్ని కడిగి, ఆరబెట్టి, వార్నిష్ వేస్తే సరి. రంగు బొబ్బలెక్కి, కింద లోహం ఉబ్బి, వెంట్రుకంత పగుళ్లు కనిపిస్తే మాత్రం అది జింక్ పెస్ట్. పోతపోసిన రోజే మిశ్రమంలో సీసం లాంటి మలినాలు కలిసిపోవడం వల్ల వచ్చేది. ఇప్పుడు వాడే జమాక్ 3 అనే జింకు మిశ్రమంలో సీసం 0.005 శాతం దాటకూడదు. పాత సరుకులో అంత జాగ్రత్త అన్నిసార్లూ పాటించలేదు. దీనికి మందు లేదు. తేమ తగ్గిస్తే నెమ్మదిస్తుంది, అంతే. పగిలిన రెక్కకి పుట్టీ పూసినా లోహం ఉబ్బుతూనే ఉంటుంది, డబ్బు దండగ. పాతవి కొనేటప్పుడు రెక్క మొదలు, స్క్రూ రంధ్రాల చుట్టూ భూతద్దం పెట్టి చూడండి, పగుళ్లు ముందు కనిపించేది అక్కడే. మంచివాటిని మూతున్న పెట్టెలో సిలికా జెల్‌తో ఉంచి, జెల్ నీలం నుంచి గులాబీకి తిరిగినప్పుడల్లా ఓవెన్లో 120 డిగ్రీల దగ్గర వేడిచేసి మళ్లీ వాడుకోండి.