పాఠకుల ప్రశ్నలు – జవాబులు: గీతల బొమ్మ బరువు తగ్గేదెలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపురం. సవరల గోడబొమ్మల తీరులో ఎర్రమట్టి రంగు మీద తెల్లని బొమ్మలను కాగితంపై వేసి, ఫోనుతో ఫొటో తీసి, గీతల బొమ్మలు వేసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో ట్రేస్ చేసి, అంటే ఫొటోను గీతల బొమ్మగా మార్చి, ఎస్‌విజి ఫైళ్లుగా దాచుకుంటున్నాను. వరుసలు కట్టి ఆడే మనుషులు, గుర్రాలు, చెట్లు, చుట్టూ అల్లిక గీతల అంచు ఉన్న ఒక పెద్ద బొమ్మ 31 ఎంబీ అయింది. శ్రీకాకుళంలో మా పిన్నిగారి ఫోనులో అది తెరుచుకోలేదు. ఆన్‌లైన్ ప్రదర్శనకు పంపుదామంటే వారు 2 ఎంబీకి మించి తీసుకోరు. పేజీ కొలతను సగానికి కుదించినా ఫైలు తగ్గలేదు. గీతల సన్నదనం చెడకుండా తగ్గించే మార్గం ఉన్నదా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఉన్నది. పేజీని కుదించినా ఫైలు ఎందుకు తగ్గలేదో తెలిస్తే మిగతా పని సులువవుతుంది. ఫొటోలో చుక్కల సంఖ్యను బట్టి బరువు ఉంటుంది. ఎస్‌విజి అలా కాదు. అది అక్షరాలతో రాసిన ఫైలు. ప్రతి వంపు ఎక్కడ మొదలై ఎటు తిరిగి ఎక్కడ ముగుస్తుందో అంకెల్లో రాసి ఉంటుంది. బొమ్మను గోడంత పెంచినా గోరంత చేసినా ఆ అంకెలు అన్నే ఉంటాయి. కనుక తగ్గించవలసింది కొలతను కాదు, ఆ వంపులను నిలిపే బిందువులను.

అయితే మీ ఫైలులో మొదట అనుమానించవలసింది బిందువులను కూడా కాదు, ఫొటోను. ట్రేస్ చేసిన తరువాత గీతల బొమ్మ ఫొటో పైన వచ్చి కూర్చుంటుంది, అడుగున ఫొటో అలాగే ఉండిపోతుంది. ఫొటోను ఫైలులోనే ఇమిడ్చినప్పుడు దాన్ని అక్షరాలుగా మార్చి రాస్తారు గనుక దాని బరువు మూడో వంతు పెరుగుతుంది. 6 ఎంబీ ఫొటో ఫైలులో 8 ఎంబీ అవుతుంది. పై బొమ్మను పక్కకు జరిపి, అడుగున ఫొటో కనబడితే తీసివేయండి.

తరువాత ట్రేస్ సంగతి. కాగితం గరుకుదనం, వెలుతురు తేడాలు, ఫోను కెమెరా తెచ్చే చిన్న మచ్చలు అన్నిటినీ ట్రేస్ బొమ్మలో భాగంగానే తీసుకుని, ఒక్కొక్క మచ్చ చుట్టూ గీత గీస్తుంది. మీ బొమ్మలో ఉన్నవి రెండే రంగులు కనుక అనేక రంగుల ట్రేస్ అవసరం లేదు. ఫొటోలో తెలుపు–ఎరుపుల తేడాను బాగా పెంచి, ట్రేస్ బిట్‌మ్యాప్‌లో సింగిల్ స్కాన్ కింద బ్రైట్‌నెస్ కటాఫ్ ఎంచుకుని, తెల్లని భాగమే రావడానికి ఇన్వర్ట్ గుర్తు పెట్టి, చిన్న మచ్చలను వదిలేసే స్పెకిల్స్ విలువను పెంచి మళ్లీ ట్రేస్ చేయండి. ఎర్రని నేపథ్యానికి నాలుగు మూలల దీర్ఘచతురస్రం ఒక్కటి చాలు.

అంచులోని అల్లిక గీతల విషయంలో మాత్రం ట్రేస్‌ను నమ్ముకోవద్దని నా గట్టి సలహా. సన్నని గీతను ట్రేస్ చేసినప్పుడు అది గీతగా రాదు. దాని రెండు వైపులా చుట్టిన ఆకారంగా, చేతి వణుకుతో సహా పదుల బిందువులతో వస్తుంది. అదే గీతను పెన్ పనిముట్టుతో రెండు బిందువుల మధ్య గీసి, స్ట్రోక్ మందం ఇస్తే కంటికి కనబడేది దాదాపు అదే, ఫైలులో రాసేది మాత్రం ఒక చిన్న వాక్యం. అంచు అంతా ఒకే అల్లిక అయితే ఒక ముక్క గీసి, దాన్ని ప్యాటర్న్‌గా మార్చి నింపుకోవచ్చు.

అసలైన తగ్గుదల ఆడే మనుషుల వరుసల్లో ఉన్నది. ఒక మనిషి బొమ్మకు 40 వంపులు, ఒక్కొక్క వంపుకు 60 అక్షరాలు అనుకుందాం. మనిషికి 2,400 అక్షరాలు, 600 మందికి 14,40,000 అక్షరాలు, అంటే సుమారు 1.4 ఎంబీ. కాపీ చేసి అతికించినా ఇంతే అవుతుంది, ఎందుకంటే కాపీ చేసిన ప్రతిసారీ మొత్తం ఆకారం మళ్లీ రాయబడుతుంది. దానికి బదులు ఎడిట్ మెనూలోని క్లోన్ వాడితే, ‘ఆ బొమ్మనే ఇక్కడ చూపు’ అనే ఒక్క ఆజ్ఞ మాత్రమే ఫైలులో చేరుతుంది. అది 150 అక్షరాలనుకున్నా 600 మందికి 90,000 అక్షరాలే. క్లోన్‌ను తిప్పవచ్చు, అద్దంలోలా మార్చవచ్చు, కొద్దిగా పెంచి తగ్గించవచ్చు; అందువల్ల బరువు పెరగదు. అందరినీ ఒకే అచ్చులో పోస్తే మాత్రం చేతిగీత జీవం పోతుంది. ఐదారుగురు మనుషులను విడివిడిగా గీసి, వారి క్లోన్లను కలిపి వరుసలు కట్టండి. గుర్రాలకు కూడా ఇదే పద్ధతి.

బిందువులను తగ్గించే, పాత్ మెనూలోని సింప్లిఫై గురించి ఒక హెచ్చరిక. చాలామంది మొదట దాన్నే నొక్కుతారు, వరుసగా నొక్కిన కొద్దీ అది మరింత గట్టిగా పనిచేస్తుంది. చెట్ల వంటి పెద్ద ఆకారాలకు అది మేలే, కాని వేళ్లూ గుర్రపు చెవులూ దానికి బలి అవుతాయి. మొత్తం బొమ్మను ఎంచి కాక, ఆకారం ఆకారంగా ఎంచుకుని, ఒకసారి నొక్కి, దగ్గరగా పెంచి చూసి ముందుకు సాగండి.

చివరికి ఫైల్ మెనూలోని క్లీనప్ డాక్యుమెంట్‌తో వాడని రంగులూ నిర్వచనాలూ తొలగించి, సేవ్ యాజ్‌లో ఆప్టిమైజ్డ్ ఎస్‌విజి ఎంచుకోండి. అది అంకెల పొడవును కూడా తగ్గిస్తుంది. 112.48571,87.203948 అనే స్థానానికి 19 అక్షరాలు కావాలి, 112.49,87.204 అంటే 13 చాలు. మిల్లీమీటర్ల పేజీలో ఈ తేడాను ఏ కన్నూ పట్టదు. అక్కడే మెటాడేటాను, అంటే బొమ్మ గురించి ఫైలులో రాసి ఉంచే వివరాలను, తొలగించే గుర్తు కూడా ఉంటుంది. దాన్ని వాడవద్దని కోరుతున్నాను. ఈ శైలి సవరలు ఇళ్ల గోడల మీద పూజకై వేసుకునే ఇడిటాల్‌ది. మీ పేరుతో పాటు ఆ మాట కూడా డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లోని మెటాడేటాలో రాసి ఉంచండి. కొన్ని వందల అక్షరాల బరువుకు వెనుకాడవలసిన చోటు అది కాదు.

పిన్నిగారికి మాత్రం ఎస్‌విజి పంపనవసరం లేదు. 2,000 పిక్సెళ్ల వెడల్పుతో పిఎన్‌జి చేసి, వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే అది జెపెగ్‌గా మారి, తెల్లని గీతల అంచుల్లో మసక కమ్ముకుంటుంది.

ప్రశ్న: బరంపురంలో తెలుగు, ఒడియా రెండు లిపుల్లోనూ శుభలేఖలు తయారుచేస్తాను. అవతలివారి దగ్గర అక్షరాలు చెదురుతున్నాయని మొత్తం పాఠాన్ని ఆకారాలుగా మార్చితే ఫైలు బాగా పెరుగుతున్నది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు

జవాబు: రెండు లిపులూ వంపుల లిపులే. ఆకారాలుగా మార్చినప్పుడు ప్రతి గుణింతమూ ప్రతి ఒత్తూ కనబడిన ప్రతిచోటా మళ్లీ కొత్తగా రాయబడుతుంది. పైగా ముహూర్తపు వేళలో ఒక తప్పు దొరికినా టైపు చేసి దిద్దే వీలుండదు. పాఠాన్ని పాఠంగానే ఉంచి, ఫాంట్లు ఇమిడ్చే ఎంపికతో పిడిఎఫ్ చేసి పంపండి. వాడిన అక్షరాల రూపాలు మాత్రమే, ఒక్కో రూపం ఒక్కసారే, అందులో చేరుతాయి, చూసేవారి దగ్గర ఆ ఫాంటు లేకపోయినా అక్షరాలు చెదరవు. ఎస్‌విజియే కావాలని అడిగేవారికి పాఠాన్ని ఆకారాలుగా మార్చిన ప్రతిని వేరే పేరుతో చేసి ఇచ్చి, దిద్దుకోదగిన అసలు ప్రతిని మీ దగ్గర ఉంచుకోండి.