కొద్దిగా మార్పులు చేయించిన హోండా ఎస్2000ను డీలరుకు ఇవ్వాలా, స్వయంగా అమ్ముకోవాలా?

కాలిఫోర్నియా బే ఏరియాలో ఉంటున్న మీరు, శ్రద్ధగా చూసుకున్న మీ ఎస్2000ను డీలరుకు అప్పగించడం మేలా, సొంతంగా అమ్ముకోవడం మేలా అని అడిగారు. సొంతంగానే అమ్ముకోండి, ఇందులో రెండో మాట లేదు. ఫ్రీమాంట్‌లో ఉన్నప్పుడు నా 2005 మోడల్‌ను నేను అలాగే అమ్మాను. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు గానీ, 1999 నుంచి 2009 దాకా మాత్రమే తయారై, లోకమంతా కలిపి లక్షా పదివేలకు అటూ ఇటూగా అమ్ముడైన ఈ కారు విషయంలో ఆ సామెతలో రెండో సగమే నిజం. మొదటి సగాన్ని నిజమని నమ్మించేది డీలర్లు. నేను అడిగి చూసిన ఒకాయన కారు దగ్గరికైనా రాకుండా, మోడల్ సంవత్సరమూ నడిచిన మైళ్లూ కంప్యూటర్‌లో కొట్టి, అదే వయసున్న ఏ సెడానుకైనా చెప్పే ధర చెప్పి, పైగా రెండు సీట్ల గేరు కారును ఈ రోజుల్లో ఎవరు కొంటారని నన్నే ఎదురు ప్రశ్నించాడు.

ఇక మీరు చేయించిన మార్పుల సంగతి. వాటికి పెట్టిన డబ్బును ధరలో కలిపి అడగకండి, ఎవరూ ఇవ్వరు. ఈ కార్లు కంపెనీ నుంచి వచ్చిన రూపానికి ఎంత దగ్గరగా ఉంటే అంత ధర పలుకుతాయి. తీసిన ఒరిజినల్ భాగాలు అటక మీద భద్రంగా ఉంటే వాటిని తిరిగి బిగించి, కొత్తవాటిని విడిగా అమ్ముకోండి. కాలిఫోర్నియాలో ఇది చట్టంతోనూ ముడిపడిన విషయం. పొగ పరీక్షలో నెగ్గినట్టు చెప్పే, 90 రోజులు దాటని స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వవలసిన బాధ్యత అమ్మేవాడిదే. "ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాను" అని ఎదుటివాడి చేత రాయించుకున్నంత మాత్రాన అది తప్పదు. ఇంజన్‌లోకి గాలి వెళ్లే ఎయిర్ ఇన్‌టేక్ మార్చి ఉంటే దానికి రాష్ట్ర ఎయిర్ బోర్డు ఇచ్చిన అనుమతి నంబరు బానెట్ కింద కనబడాలి, లేకపోతే పొగ ఎంత శుభ్రంగా ఉన్నా కంటితో చూసే పరీక్షలోనే కారు తప్పుతుంది. 2021 జూలై నుంచి ఇంజన్ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌ను మార్చారా అన్నదీ చూస్తున్నారు. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరుకు వెనకాల మార్చిన సైలెన్సరుతో స్మాగ్ పరీక్షలో పేచీ లేదు గానీ, చప్పుడు 95 డెసిబెల్స్ దాటితే పోలీసులు ఊరుకోరు. నేను ఇన్‌టేక్‌ను పాతదానికి మార్చి, సస్పెన్షన్ స్ప్రింగులను మాత్రం అలాగే ఉంచి, ఒరిజినల్ స్ప్రింగులను కారుతో పాటే ఇచ్చాను.

ప్రకటన పెట్టగానే వచ్చే సందేశాలలో చాలావాటికి జవాబు అక్కరలేదు. ఫొటోలైనా చూడకుండా "లాస్ట్ ప్రైస్ ఎంత" అని అడిగేవాళ్లు కొనరు. క్లచ్ తొక్కడం రాకపోయినా ఒకసారి నడిపి చూస్తామనేవాళ్లూ ఉంటారు, వాళ్లకు తాళం ఇవ్వకండి. వీళ్లు చాలరన్నట్టు, పిల్లలున్న ఇంట్లో ఇలాంటి కారు ఇన్నాళ్లు ఎలా ఉంచుకున్నావని మన తెలుగు మిత్రులు మందలిస్తారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నా కారును కొన్నది శాక్రమెంటో నుంచి వచ్చిన ఒక పెద్దాయన. తాను వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయవద్దని ఫోనులో ఒకే ఒక్క మాట అడిగి, వచ్చీ రాగానే బానెట్ మీద అరచెయ్యి ఆనించి చల్లగా ఉందో లేదో చూసుకున్నాడు. తరువాత చిన్న టార్చి తీసి బానెట్, ఫెండర్లు, తలుపులు, డిక్కీ మూత, బంపర్లు అన్నింటి మీదా హోండా అంటించిన విన్ నంబరు (కారు గుర్తింపు సంఖ్య) స్టిక్కర్లను వరసగా వెతికాడు. స్టిక్కరు లేకపోతే ఆ భాగం మార్చినట్టే లెక్క. ముందు బంపరుకు అది లేదు. పార్కింగ్‌లో ఎవరో గుద్దితే మార్పించానని ప్రకటనలోనే రాశాను గనక, బిల్లు తీసి చేతికిస్తే దాని మీద బేరమే ఆడలేదు. ఇంజన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేయించి, ఈ ఇంజన్లలో తరచుగా పాడయ్యే టైమింగ్ చెయిన్ టెన్షనరు (ఆ చెయిన్‌ను బిగువుగా ఉంచే భాగం) గరగరలాడుతోందేమోనని చెవి ఒగ్గి విన్నాడు. మిషన్ బులెవార్డ్ మీదుగా 680 హైవే ఎక్కేదాకా నేనే నడిపాను, ఎందుకంటే ఆయిల్ పూర్తిగా వేడెక్కకముందే నిమిషానికి 6000 చుట్లు దాటించి వీటెక్ (ఇంజన్ వేగం పెరిగినప్పుడు వాల్వులను మరింతగా తెరిచే ఏర్పాటు) మోత వినాలని ఉబలాటపడేవాళ్ల చేతిలో ఈ ఇంజను పెట్టకూడదు. ఆయన తన వంతు వచ్చాక రెండో గేరు ఎలా పడుతోందన్నదే పదే పదే పరీక్షించాడు. తిరిగి వచ్చి, టైరు పక్కన ముద్రించిన నాలుగంకెల తయారీ తేదీని వేలితో తడిమి చదివి, గాడి మిగిలి ఉన్నా రబ్బరు పాతబడిందని చెప్పి టైర్ల ఖరీదు తగ్గించమన్నాడు. ఆ మాట న్యాయమైనది కాబట్టి తగ్గించాను. చివరికి కారు కంటే ఎక్కువసేపు నా రసీదుల ఫైలును చూశాడు. వాల్వుల సందు సరిచేయించిన కాగితమూ, డిఫరెన్షియల్ ఆయిల్ మార్పించిన కాగితమూ మీ దగ్గర ఉంటే, మీరు అడిగిన ధర దాదాపుగా వస్తుంది.

డబ్బు మాత్రం కొనేవాడి బ్యాంకులోనే తీసుకోండి. నకిలీ క్యాషియర్ చెక్కులు (బ్యాంకే హామీగా ఉండి ఇచ్చే చెక్కులు) అచ్చం అసలువాటిలాగే ఉంటాయి కనుక, కౌంటరులోని ఉద్యోగి మీ కళ్ల ముందు రాసిచ్చిన చెక్కును తీసుకున్నాకే టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీద సంతకం పెట్టండి. కారు చేతులు మారినట్టు రాష్ట్ర వాహన శాఖ డీఎంవీకి 5 రోజుల లోపల ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. నేనైతే బ్యాంకు బయట నిలబడి ఫోనులోనే ఆ పని ముగించాను. కాలిఫోర్నియాలో నంబరు ప్లేట్లు కారుతోనే వెళ్లిపోతాయి, బే వంతెనల మీద టోలు ప్లేటును ఫొటో తీసి వేస్తారు, కాబట్టి ఆలస్యం చేస్తే కొత్త యజమాని డంబార్టన్ వంతెన మీద టోలు పడినప్పుడల్లా బిల్లు మీ ఇంటికే వస్తుంది. అద్దానికున్న, టోలు దానంతటదే కట్టే ఫాస్ట్రాక్ పెట్టెను కూడా ఊడదీసుకున్నాకే తాళాలు ఇవ్వండి.