కెరటం విరిగే ముందే నొక్కాలి

యాక్షన్ ఫొటోలు ముందే ఊహించి తీయాలా, కంటపడగానే తీసేయాలా అని అడిగారు. ఊహించే తీయాలంటాను నేను. అలా సిద్ధంగా ఉన్నప్పుడే అనుకోనివి కూడా నాకు దొరికాయి.

మాది ఒడిశాలోని బరంపురం. దగ్గర్లోనే గోపాల్‌పూర్ తీరం. అక్కడి జాలర్ల ఇళ్లలో తెలుగే వినిపిస్తుంది. పొద్దున్నే పడవలు కెరటాలు దాటి సముద్రంలోకి పోవడం తీయాలని వెళ్లాను. రెండు రోజులూ పడవ ముక్కు పైకి లేవగానే నొక్కాను. ఫొటోలో చూస్తే ముక్కు అప్పటికే కిందికి దిగిపోయి ఉంది. కన్ను చూశాక వేలు కదలడానికి సుమారు 0.2 సెకను పడుతుంది. సెకనుకు 5 మీటర్ల వేగంతో వచ్చే కెరటం ఆలోపు ఒక మీటరు జరిగిపోతుంది. బరస్ట్ (నొక్కి పట్టుకుంటే వరసగా ఫొటోలు తీసే పద్ధతి) కూడా పెట్టి చూశాను. సెకనుకు 10 ఫొటోలు తీసినా, ఒక్కో ఫొటోకీ మధ్య అర మీటరు పోతుంది. నాకు కావలసిన క్షణం ఆ సందులోనే పడేది.

మూడో రోజు ఒడ్డున వల బాగుచేసుకుంటున్న తాతను అడిగాను. "నీళ్లకేసి చూడు బాబూ. పెద్ద కెరటాలు వరసగా వస్తాయి. అవి పోయాక కాస్త నెమ్మదిస్తుంది, అప్పుడే పడవ తోస్తారు. ముందున్నవాడు మోకాళ్లు వంచాడంటే కెరటం తగలబోతోందన్నమాట" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా టెన్షన్ సగం పోయింది. కెరటం విరిగే చోట ముందే ఫోకస్ చేసుకుని, షటర్ వేగం సెకనులో 1/1000 వంతుకు పెట్టి, ఆ మోకాళ్లనే చూస్తూ నిలబడ్డాను. వంగగానే నొక్కాను. ముక్కు గాల్లో ఉంది, నురగ రెండు వైపులా లేచింది.

అంతలో పడవలోంచి తెడ్డు జారిపడింది. ఒడ్డునున్న కుర్రాడు ఒక్క ఉదుటున నీళ్లలోకి దూకాడు. అది నేను ఊహించింది కాదు. కానీ కెమెరాకి ఆనించని రెండో కన్ను తెరిచే ఉంచాను కాబట్టి కనిపించాడు. ఫోకస్ చేసే పనిని ఫొటో తీసే షటర్ బటన్ నుంచి తీసేసి, కెమెరా వెనక బొటనవేలికి అందే బటన్‌కి ఇచ్చుకోవడం ఇక్కడే ఉపయోగపడింది. బొటనవేలు తీసేస్తే ఫోకస్ ఉన్నచోటే ఆగుతుంది, నొక్కితే కొత్త మనిషి వెంట పరిగెడుతుంది. మెనూలోకి వెళ్లి మార్చుకునే టైమ్ అప్పుడెక్కడిది? మీ కెమెరాలో ఆ సదుపాయం ఉంటే ఈరోజే పెట్టుకోండి, వేలికి అలవాటు కావడానికి వారమైనా పడుతుంది.

మీరు తీసేది క్రికెట్ అయితే బంతి వెంట పడకండి. బ్యాట్స్‌మన్ ముందు పాదాన్ని చూడండి. బ్యాట్ కిందికి రాకముందే అది కదులుతుంది.