అమెరికాలో సొంత అథారిటీ (సొంత పేరు మీద రవాణా అనుమతి)తో ట్రక్కు నడుపుతున్నాను. ఈఎల్‌డీ (డ్రైవింగ్ గంటల్ని నమోదు చేసే డివైస్) పాడై పేపర్ లాగ్ రాసినా వయలేషన్ ఎందుకు పడింది?

పేపర్ మీద రాయడం తప్పు కాదు. ఆ ఒక్కరోజు షీటే చూపించారు కాబట్టి పడి ఉంటుంది.

1. ఆ రోజుతో పాటు వెనకటి 7 రోజుల లాగ్ కూడా ఉండాలి. చాలామంది వదిలేసేది ఇదే. డివైస్‌లో పాత రోజులు కనబడితే సరే. లేదంటే డీజిల్ రసీదులు, లోడింగ్ టైములు దగ్గర పెట్టుకుని గ్రాఫ్ షీట్ మీద గంటగంటా గీయండి.

2. పాడైన సంగతి 24 గంటల్లో క్యారియర్‌కి (ట్రక్కు నడిపించే కంపెనీకి) రాతపూర్వకంగా తెలపాలి. సొంత అథారిటీ కాబట్టి క్యారియర్ మీరే. నవ్వొచ్చినా, తేదీ, టైము వేసి రాసిపెట్టుకోండి.

3. రిపేరుకి గడువు 8 రోజులు. పార్టు ఆలస్యమైతే 5 రోజుల్లోపే మీ రాష్ట్రంలోని ఎఫ్‌ఎంసీఎస్‌ఏ (ట్రక్కుల భద్రత చూసే ఫెడరల్ సంస్థ) ఆఫీసుకి ఎక్స్‌టెన్షన్ అడగండి.

8 రోజులకి సరిపడా ఖాళీ షీట్లు క్యాబ్‌లో ఎప్పుడూ ఉండాలి.