పుంజు పోయింది, పెట్టలు ఉన్నాయి

పాఠకుల ప్రశ్నలకు పశువైద్యుడి జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నేను గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాని. నల్లపాడు దగ్గర సొంతిల్లు, వెనక కాస్త ఖాళీ జాగా ఉంటే అందులో జాతి కోళ్లు పెంచుతున్నాను. నా దగ్గర ఒక నెమలి రకం కోడిపుంజు ఉండేది. భీమవరం వైపు నుంచి పిల్లగా ఉన్నప్పుడే తెచ్చాను. ఇంట్లో అందరం బుల్లోడు అని పిలిచేవాళ్లం. పందేనికి ఒక్కసారి కూడా దింపలేదు, విత్తనానికే ఉంచుకున్నాను. దాని పిల్లలు కావాలని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ముందే చెప్పి పెట్టుకునేవారు. మొన్న సంక్రాంతికి ముందు ఒకాయన నలభై వేలిస్తానన్నా ఇవ్వలేదు.

పోయిన వారం ఒకరోజు, గోడ దూకి పక్కింట్లోకి పోతోందని మధ్యాహ్నం రేకుల షెడ్డులో గంప కింద పెట్టాం. పెట్టలు వేపచెట్టు కింద తిరుగుతున్నాయి. పొద్దున సజ్జలు, బాదం పప్పు శుభ్రంగా తిన్నది. సాయంత్రం గంప ఎత్తి చూస్తే రెక్కలు విప్పుకుని, ముక్కు తెరుచుకుని పడి ఉంది. ఒళ్లు ఇంకా కాలిపోతూనే ఉంది. మిగతా కోళ్లకు ఏమీ కాలేదు. పక్కింటాయనకు దాని కూత గిట్టదు, 'ఏదో ఒకరోజు దీని సంగతి చూస్తా' అని ఒకసారి అన్నాడు కూడా. ఆయనే ఏదో మందు పెట్టాడని నా అనుమానం. మా పెద్దమ్మ దిష్టి అంటోంది. రోజూ పొద్దున్నే గంప ఎత్తి నీళ్లు పెట్టేది మా ఆవిడే, తనేమో 'ఆ నలభై వేలు తీసుకుని ఉంటే' అని దెప్పుతోంది. స్నేహితులకు చెబితే 'ఏరా, కూర వండలేదా' అని నవ్వారు. యార్డుకు వేసవి సెలవులు, ఇంట్లోనే ఉంటున్నాను. ఎటు తిరిగినా చూపు ఆ గంప మీదకే పోతోంది. అన్నం సహించడం లేదు. పుంజును పెరట్లోనే పూడ్చాను. ఆ రకం ఇక నాకు లేనట్టేనా?
– ఒక పాఠకుడు, నల్లపాడు

జవాబు: మీ ఉత్తరం అందిన రాత్రే మీకు ఫోన్ చేశాను. పత్రిక అచ్చయి మీ చేతికి వచ్చేలోగా పుణ్యకాలం దాటిపోతుంది కాబట్టి ఆగలేదు. అప్పుడు హడావిడిగా చెప్పినవి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇలాంటి ఉత్తరాలు మీ ఒక్కరివే కాదు, ఎండాకాలం వచ్చిందంటే నాకు వస్తూనే ఉంటాయి.

ముందు మీ చివరి ప్రశ్న. ఆ రకం పోలేదు. పుంజు పెట్టతో జత కట్టిన తర్వాత మగ కణాలు పెట్ట కడుపులో, గుడ్డు వచ్చే దారిలో ఉండే సన్నని గొట్టాల్లో నిలవ ఉంటాయి. పుంజు లేకపోయినా పది రోజుల నుంచి రెండు వారాల దాకా పెట్ట పెట్టే గుడ్లలో ఎక్కువ వాటికి పిల్ల కడుతుంది. ఆ తర్వాత తగ్గిపోతూ వస్తుంది. మూడో వారంలో కూడా ఒకటీ అరా కట్టవచ్చు. అంటే బుల్లోడి పిల్లలు ఇంకా మీ పెట్టల దగ్గరే ఉన్నాయి. అందుకే ఫోన్‌లో మొదటి మాటగా గుడ్లు అమ్మొద్దు, అట్టు వేసుకోవద్దు అన్నాను.

రెండో మాట, ఇంకో పుంజును ఇప్పుడే తేవద్దు. ఓదార్పుగా ఎవరో ఒకరు ఇస్తామంటారు. తెచ్చి పెట్టల్లో వదిలారంటే కొత్త పుంజు కణాలే పైచేయి అవుతాయి, ఆ గుడ్లలో ఏది ఎవరి పిల్లో మీకే తెలియదు. మూడు వారాలు ఆగండి. ఎలాగూ బయటి నుంచి తెచ్చిన కోడిని రెండు మూడు వారాలు విడిగా ఉంచి, రోగం లేదని తేలాకే మందలో కలపాలి.

మే నెలలో గుంటూరులో గుడ్లు దాచడం మామూలు విషయం కాదు. ఇంట్లో వేడికి గుడ్డులో పిల్ల సగం సగంగా మొదలై అక్కడే ఆగి చచ్చిపోతుంది. వెడల్పాటి కుండలో తడి ఇసుక పోసి, దాని మీద మూకుడు పెట్టి, గుడ్లను వెడల్పు కొన పైకి వచ్చేలా అందులో సర్దండి. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే మూల చూసి అక్కడ పెట్టండి. ఫ్రిజ్‌లో వద్దు, అది మరీ చల్లన. ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో తేదీ, ఏ పెట్టదో ఒక గుర్తు రాయండి. పెన్ను ఇంకు పెంకులోంచి లోపలికి దిగుతుంది, అందుకే పెన్సిల్. వారం దాటిన గుడ్లు పొదగేస్తే పిల్లలు తగ్గుతాయి. జాతి పెట్టలు పొదుగుకు మంచివే కానీ ఈ ఎండల్లో ఒక్కో పెట్ట కింద ఎక్కువ గుడ్లు పెట్టకండి. ఏడెనిమిది చాలు.

పొదగేసిన ఏడో రాత్రి ఒక పని చేయండి. అట్టపెట్టెకు గుడ్డు కంటే చిన్న చిల్లు పెట్టి, లోపల ఫోన్ టార్చి వెలిగించి, చిల్లు మీద గుడ్డు ఆనించి చీకట్లో చూడండి. పిల్ల కట్టిన గుడ్డులో నల్లని చుక్క ఒకటి, దాని చుట్టూ సాలెగూడులా ఎర్రని నరాలు కనిపిస్తాయి. కాస్సేపు కదలకుండా చూస్తే ఆ చుక్క మెదులుతుంది కూడా. ఏమీ లేకుండా పసుపుగా వెలిగిందంటే అది కట్టని గుడ్డు, తీసేయండి. ఈ పని మీ ఆవిడతో కలిసి చేయండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇక పుంజు ఎందుకు పోయింది? కోయకుండా ఖాయంగా చెప్పలేం. కానీ మీరు రాసిన గుర్తులన్నీ నాకు వడదెబ్బ వైపే చూపిస్తున్నాయి. కోడికి చెమట పట్టదు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల పైన ఉంటుంది. ఆ వేడిని నోరు తెరిచి ఎగపోస్తూ, రెక్కలు దూరంగా పెట్టి బయటికి పంపుకోవాలి. రేకుల కింద, గాలి ఆడని గంపలో అది కుదరదు. మందలో ముందు పోయేది బక్కకోడి కాదు, బాగా కండ పట్టిన పుంజే. బాదం పప్పు పెట్టారన్నారు. పందెం పుంజుల మేత విత్తనపు పుంజుకు అక్కర్లేదు, కొవ్వు పట్టి వేడిని అసలు తట్టుకోలేదు. ఇది మీ తప్పని రాయడం లేదు. గోడ దూకే పుంజును గంప కింద పెట్టని ఇల్లు మన వైపు లేదు. మిగిలిన కోళ్ల కోసం చెబుతున్నాను. రేకుల మీద తాటాకు గానీ తడిపిన గోనె పట్టాలు గానీ వేయండి. మేత తెల్లవారుజామునా, పొద్దుపోయాకా పెట్టండి, మధ్యాహ్నం వద్దు. నీళ్లు మట్టి పాత్రలో పోసి పూటపూటా మార్చండి. ఏదైనా కోడి ఎగపోస్తూ తూలుతుంటే నీడకు తెచ్చి, కాళ్లూ పొట్టా మామూలు నీళ్లతో తడిపి ఫ్యాను ముందు పెట్టండి. ఐసు నీళ్లు వాడకండి.

కొక్కెర తెగులు అయి ఉంటే, అదే రాణిఖేట్, ఒక్క పుంజుతో ఆగేది కాదు. ఆకుపచ్చని, తెల్లని పారుడు, మెడ మెలి తిరగడం, గురక కనిపించేవి. రెండు మూడు రోజుల్లో పెట్టలకూ అంటుకునేది. అయినా పెద్ద కోళ్లకు ఆరు నెలలకోసారి వేయించే టీకా ఈసారి వేయించారో లేదో మీ ఉత్తరంలో లేదు. వేయించకపోతే ఎండ తగ్గగానే వేయించండి, అదీ పొద్దున్నే.

పక్కింటాయన సంగతి. విషం పెట్టాలంటే గింజల్లోనో నీళ్లలోనో కలపాలి. అది గంప కింద ఉన్న ఒక్క పుంజుకే అందడం, చెట్టు కింద తిరుగుతున్న పెట్టలు ఒక్క గింజా ముట్టకపోవడం జరగడం కష్టం. గొంతు కింద మేతసంచిలో ఏముందో చూస్తే తేలిపోయేది, ఇప్పుడు ఆ దారి లేదు. రుజువు లేకుండా ఆయన గుమ్మం ఎక్కకండి. రేపు బుల్లోడి కొడుకులూ కూస్తారు, అప్పుడూ ఆ గోడ పక్కన ఉండేది ఆయనే. దిష్టి విషయం పెద్దమ్మ గారికే వదిలేద్దాం. ఎర్రనీళ్లతో దిష్టి తీయించుకుంటే మీకు కాస్త ఊరటగా ఉంటుందంటే నాకేమీ అభ్యంతరం లేదు.

ఇక ముందు ఏ కోడి అయినా ఇలా హఠాత్తుగా పోతే చేతులకు కవరు తొడుక్కుని, దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, చుట్టూ ఐసు పెట్టి కొన్ని గంటల్లోపే పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఫ్రీజర్‌లో గడ్డ కట్టించకండి. పోస్టుమార్టం అక్కడ కుదరకపోతే గన్నవరం పశువైద్య కళాశాల ఉంది. ఒకేసారి నాలుగైదు పోతే మాత్రం ముట్టుకోకుండా ముందు పశుసంవర్ధక శాఖకు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ ఎంత టెన్షన్ పెట్టిందో మీకు గుర్తుండే ఉంటుంది.

మీ బాధ గురించి. సర్వీసులో ఉండగా ఒక పెద్దాయన కండువాలో చుట్టిన పుంజును ఒళ్లో పెట్టుకుని ఆస్పత్రి అరుగు మీద కూర్చున్నాడు. అది అప్పటికే పోయింది. ఎంత చెప్పినా లేవలేదు. చివరికి 'గేదె పోతే ఇన్సూరెన్సు వాళ్లు వచ్చి చెవిపోగు చూసుకుంటారు సార్, దీనికి ఎవరొస్తారు?' అన్నాడు. నాకు జవాబు తోచలేదు, టీ తెప్పించాను. పుంజు రోజూ తెల్లారకముందే ఇల్లంతా తన గొంతుతో నింపేది. అది ఆగిపోయాక ఆ వేళకు మెలకువ రావడం, అన్నం సహించకపోవడం జబ్బు కాదు. నవ్విన స్నేహితులతో ఈ విషయం మళ్లీ ఎత్తకండి. కోళ్లు పెంచేవాళ్లు మీకు తెలిసినవాళ్లు ఉంటారు, వాళ్ల దగ్గర మాట్లాడండి. యార్డు తెరిచాక పనిలో పడి కొంత తేలిక పడతారు. అప్పటికీ నిద్ర, తిండి కుదుటపడకపోతే మాత్రం డాక్టరుకు చూపించుకోండి, దీనికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మీ ఆవిడ గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, అందులోనే అంతా ఉంది. రోజూ పొద్దున్నే గంప ఎత్తి నీళ్లు పెట్టింది ఆమె. పుంజు పోతే ఊరంతా మిమ్మల్ని పలకరించింది. ఆమెను ఎవరు పలకరించారు? నలభై వేల మాట కోపంగా వస్తోందంటే డబ్బు కోసమే అనుకోకండి. గుడ్లు లైటులో చూసేటప్పుడు ఆమెను పక్కన ఉండమన్నది అందుకే. ఆ నలభై వేలాయన కొని ఉంటే భోగి పొద్దున్నే దాని కాలికి కత్తి కట్టేవాడు. కోడిపందేలు చట్టం కాదన్నవే, అది అలా ఉంచినా నాకు మొదటి నుంచీ గిట్టవు. ఇవ్వకుండా మంచి పని చేశారు.

రకం నిలబెట్టుకోవడానికి ఒక లెక్క. బుల్లోడి కొడుకును బయటి పెట్టతో కలిపితే వచ్చే పిల్లల్లో దాని పాలు పావు వంతే. అదే ఒక పెట్టకు పుట్టిన కొడుకును, మరో పెట్టకు పుట్టిన కూతురితో కలిపితే ఆ పిల్లల్లో సగటున సగం బుల్లోడే. ఈ రెండు పెట్టలూ అక్కాచెల్లెళ్లు కాకుండా చూసుకోండి. గుడ్ల మీద పెట్ట గుర్తు రాయమన్నది దీనికే. పిల్లలు దిగగానే కాళ్లకు రంగు దారాలు కట్టండి, పెరిగే కొద్దీ వదులు చేస్తూ ఉండండి. ఈ కలయిక ఒక్క తరానికే. ఆ తర్వాత బయటి రక్తం తేకపోతే గుడ్లు కట్టడం తగ్గుతుంది, పిల్లలు నీరసిస్తాయి.

ప్రశ్న: మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మా పుంజును డాబా ఎక్కించి కాపాడుకున్నాం. అది ఈ మధ్య ఉన్నట్టుండి చనిపోయింది. ఎనిమిదేళ్ల మా బాబుకు అత్తయ్య 'ఊరికి పంపాం' అని చెప్పారు. ఇప్పుడు ఆదివారం ఊరు వెళ్లి చూద్దామని ఒకటే గొడవ. అదే రంగు పుంజును కొని తెచ్చేయమంటారా?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: వద్దమ్మా. పిల్లలు రంగు ఒక్కటే చూడరు, కాలి ముల్లు, కూత, చెయ్యి చాపితే వచ్చే తీరు అన్నీ చూస్తారు. ఒక్కరోజులో పట్టేస్తాడు, అప్పుడు మీ మాటా నమ్మడు. ఆదివారం లోపే, అత్తయ్య గారు కూడా పక్కన ఉండగా చచ్చిపోయిందని చెప్పండి. నిద్రపోయింది అని మాత్రం అనకండి, రాత్రి పడుకోవడానికి భయపడతాడు. ఏడిస్తే ఏడవనివ్వండి. దాచుకోవడానికి ఈక కావాలని అడగవచ్చు. దేనితో పోయిందో తెలియదు కాబట్టి ఈకలు వద్దు, వరద రోజుల్లో డాబా మీద తీసిన ఫోటో ఉంటే ప్రింటు తీయించి ఇవ్వండి. కొత్త పుంజు వాడు అడిగినప్పుడు తేవచ్చు, వేరే రంగుది.

ప్రశ్న: మా పుంజు రాత్రి బాగానే ఉంది, తెల్లారేసరికి చచ్చి ఉంది. రోగం ఏమీ లేదు కదా, కోసుకోవచ్చు కదా అని మా బావ పట్టుబడుతున్నాడు. తినవచ్చా?
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: తినకూడదు. తానుగా చచ్చిన కోడిలో రక్తం ఒంట్లోనే ఉండిపోతుంది, మాంసం త్వరగా చెడుతుంది. పైకి బాగున్న కోడిని ఒక్క రాత్రిలో చంపే రోగాలూ ఉన్నాయి. కూర ఉడికితే క్రిములు చస్తాయని మీ బావ వాదిస్తాడు. కానీ ఉడికేలోపు ఈకలు పీకేదీ, పేగులు తీసేదీ ఇంట్లో ఆడవాళ్ల చేతులే. కుక్కలు తవ్వలేనంత లోతు గొయ్యి తీసి, సున్నం చల్లి, బావికీ బోరుకూ దూరంగా పూడ్చండి. గంపను ఎండలో పెట్టండి. బావకు ఆ పూట బజారు కోడి తెచ్చి పెట్టండి.