హిందువైన మామగారికి పూజ పెట్టించవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. పెళ్లయ్యాక బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాం. మా నాన్నగారి మొదటి సంవత్సరీకానికి ఇక్కడి క్యాథలిక్ చర్చిలో ఆయన పేరున పూజ (మాస్) పెట్టించాను. ఫాదర్ నాన్నగారి పేరుతో పాటు ఇంకో పది పన్నెండు పేర్లు చదివారు. ఊళ్లో మా పూజ మాకే ఉండేది. "డబ్బు కట్టి కూడా పంచుకోవాలా?" అని అమ్మ ఫోన్‌లో బాధపడింది. ఇంకో మాట. మావారు హిందువులు. ఈమధ్య పోయిన మా మామగారికి కూడా పూజ పెట్టించాలని ఉంది. చర్చి ఆఫీసులో ఏమంటారోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు మామగారి సంగతి చెబుతాను. మీ ఉత్తరంలో అమ్మగారి బాధ పైకి కనిపిస్తోంది గానీ, మీరు భయపడుతూ అడిగింది ఇదే. నిరభ్యంతరంగా పెట్టించండి. బతికి ఉన్నవారైనా, చనిపోయినవారైనా, ఎవరి కోసమైనా గురువు (ఫాదర్) పూజ అర్పించవచ్చని శ్రీసభ (క్యాథలిక్ సంఘం) చట్టం 901వ నిబంధన చెబుతోంది. జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందినవారికే అన్న షరతు అందులో లేదు. బెంగళూరులో ఒక విచారణ (పారిష్, అంటే ఒక ప్రాంతపు చర్చి) ఆఫీసులో పూజల పుస్తకం రాసే పని నేను చాలాకాలం చేశాను. కోడళ్లు వచ్చి అత్తమామల కోసం, పక్కింటి పెద్దాయన కోసం, ఆపరేషన్‌కి వెళ్తున్న ముస్లిం స్నేహితురాలి కోసం పెట్టించుకునేవారు. నాకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా ఇష్టమైన పేర్లు అవే.

ఒక్కటి మాత్రం చేయండి. పేరు పైకి చదవాలో వద్దో మీవారిని, వీలైతే అత్తగారిని అడగండి. వాళ్లకు ఇబ్బంది అనిపిస్తే చదవక్కర్లేదని ఆఫీసులో చెప్పండి. పేరు వినిపించకపోయినా ఆ పూజ ఆయన కోసమే. మీవారు వచ్చి పక్కన కూర్చోవచ్చు. సత్ప్రసాదానికి (పూజలో ఇచ్చే పవిత్ర అప్పానికి) మాత్రం వెళ్లకూడదు, అది ముందే చెప్పి ఉంచితే అక్కడ తడబడరు.

ఇక పంచుకోవడం గురించి. మీరు ఇచ్చింది పూజకు ధర కాదు, కానుక. వ్యాపారం అనే ఛాయ కూడా పడకూడదని 947వ నిబంధన గట్టిగా అంటుంది. ఏమీ ఇచ్చుకోలేని పేదల కోసం కూడా పూజ అర్పించమని గురువులకు సలహా ఉంది. కాబట్టి చేతిలో డబ్బు లేనివాళ్లెవరూ ఆఫీసు గుమ్మం దగ్గర ఆగిపోవద్దు. క్రీస్తు బలి పన్నెండు ముక్కలై మీ నాన్నగారికి ఒక ముక్క రావడం అంటూ లేదు.

అయినా మీ అమ్మగారి ప్రశ్న న్యాయమైనదే. చట్టం ప్రకారం కానుక తీసుకున్న ప్రతి ఇంటెన్షన్‌కీ (పూజ ఎవరి కోసమో, దేని కోసమో ఆ ఉద్దేశానికీ) వేరే పూజ చేయాలి. ఒకే పూజలో అనేక కానుకలు కలపడానికి 1991లో రోమ్ కొంత వీలిచ్చింది, అదీ వారానికి రెండుసార్లకు మించకుండా. 2025 ఏప్రిల్ 20 నుంచి కొత్త ఆదేశం అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఆ ప్రాంత మేత్రాణులు (బిషప్పులు) అనుమతించి ఉండాలి. ఇచ్చినవారికి కలిపి అర్పిస్తున్నట్టు తెలియాలి, వారు ఒప్పుకోవాలి. గురువు తన కోసం ఒక్క కానుకే ఉంచుకోవాలి. విడిగా పూజ చేస్తామని చెప్పి, వేరే పూజలో పేరు చదివి సరిపెట్టడం కుదరదు. కాబట్టి మీరు ఆఫీసులో "ఇది విడిగానా, అందరితో కలిపా?" అని మర్యాదగా అడగండి. అది గొడవ కాదు, మీ హక్కు. చెప్పకుండా కలిపేయడం నాకూ నచ్చదు.

నగరంలో పేర్లు ఎందుకు కుప్ప పడతాయంటే, జనం ఎక్కువ, గురువులు తక్కువ. గురువారం వివేక్‌నగర్ బాలయేసు గుడికో, సెప్టెంబరు 8 పండుగ రోజుల్లో శివాజీనగర్ మరియమాత బసిలికాకో వెళ్లి చూడండి. మీకు ఒక్కరి కోసమే కావాలంటే మామూలు పనిరోజు, పొద్దున పూజ అడగండి, నెల ముందే. ఆదివారం అడిగితే దొరకకపోవచ్చు. ప్రతి ఆదివారం విచారణ గురువు ఒక పూజ తన ప్రజలందరి కోసం అర్పించి తీరాలి. పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) అసలు పూజే ఉండదు.

స్లిప్పు మీద ఇంటిపేరు, తాతపేరు అన్నీ రాయకండి. మన పేర్లు కన్నడ, మలయాళ ఫాదర్ల నోట్లో నలిగిపోతాయి. పిలిచే పేరు ఒక్కటి ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి, పక్కన 'మొదటి సంవత్సరీకం' అనో, 'ఆరోగ్యం కోసం' అనో రాయండి. మీ ఎదుటే పుస్తకంలో ఎక్కించమనండి. ఆ పుస్తకం ఉంచడం విచారణ బాధ్యత.

అమ్మగారి మనసు కుదుటపడాలంటే వచ్చే ఏడు నాన్నగారి పూజ గుంటూరులో ఆవిడనే పెట్టించమనండి. ఇక్కడ అదే రోజు మీరు మామూలుగా పూజకు వెళ్లి, నాన్నగారి కోసం సత్ప్రసాదం తీసుకోండి. మామగారిది మాత్రం వాయిదా వేయకండి, ఈ వారమే ఆఫీసుకి వెళ్లి తేదీ రాయించుకోండి.