విజయవాడలో రూమ్: తేదీ మారితే డబ్బు పోకుండా

అమ్మానాన్నలతో తెల్లవారుజామున దిగుతున్నారు, తిరుగు తేదీ ఇంకా తేలలేదు అన్నారు కదండీ. ముందు రైల్వే స్టేషన్‌లోనే ప్రయాణికులకు అద్దెకిచ్చే రిటైరింగ్ రూమ్ చూడండి. కన్ఫర్మ్ లేదా ఆర్‌ఏసీ టికెట్ పీఎన్‌ఆర్‌తో ఐఆర్‌సీటీసీలో బుక్ చేయొచ్చు. పెద్దవాళ్లకు అదే సుఖం.

అది దొరక్కపోతే గాంధీనగర్, గవర్నర్‌పేట వైపు చూడండి, స్టేషన్ దగ్గరే. అసలు కిటుకు చెక్-అవుట్‌లో ఉంది. మధ్యాహ్నం 12కే ఖాళీ చేయాలనే హోటల్లో ఉదయం 5కి దిగితే రెండు రోజుల అద్దె అడగవచ్చు. దిగిన గంట నుంచి లెక్కేసే 24 గంటల చెక్-అవుట్ ఉన్నదే తీసుకోండి, ఫోన్ చేసి మరీ అడగండి. యాప్‌లో ‘ఫ్రీ క్యాన్సిలేషన్’ అని కనిపించగానే నమ్మేయకండి, ఏ గంట వరకో చదవండి. ‘పే ఎట్ హోటల్’, అంటే అక్కడికెళ్లాక డబ్బు కట్టే వీలు ఉంటే టెన్షన్ తక్కువ.

దసరా రోజులైతే మాత్రం ఆలస్యం చేయకండి. దుర్గమ్మ భక్తులతో రూములు ముందే నిండిపోతాయి. అందరి ఆధార్‌లూ వెంట ఉంచుకోండి.